మధుమేహ చికిత్స: మొక్కల మందులు, ఆధునిక ఔషధాలు

రక్తంలో గ్లూకోజు ఉండాల్సిన మోతాదు దాటి, అక్కడే నిలిచిపోయే దీర్ఘవ్యాధి మధుమేహం. వాడుకలో షుగర్, చక్కెర వ్యాధి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. వీరిలో చాలామంది వైద్యం ఒకే పద్ధతిలో సాగదు. పొద్దున్నే పరగడుపున నానబెట్టిన మెంతులు, టిఫిన్ తర్వాత మెట్‌ఫార్మిన్ బిళ్ల, మధ్యాహ్నం కాకరకాయ వేపుడు, ఎవరో తెచ్చిచ్చిన పొడి రాత్రికి. డాక్టరుకు చెప్పేది మాత్రం బిళ్ల సంగతి ఒక్కటే. అందువల్ల ఈ రెండు రకాల మందులనూ పోల్చి చూడటం పుస్తకాల్లో పండితులు తేల్చుకునే విషయంగా మిగలదు. ఒకే కడుపులోకి వెళ్లే రెండింటి లెక్క అది.

జబ్బు ఒకటే పేరుతో పిలుస్తున్నా రకాలు వేరు. టైప్ 1లో క్లోమంలోని బీటా కణాలు నశించి ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. వీరికి బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే ప్రాణం నిలవదు. టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది గాని శరీరం దానికి సరిగ్గా లొంగదు, క్రమంగా ఉత్పత్తీ తగ్గుతుంది. మన దగ్గర షుగర్ ఉన్నవారిలో అత్యధికులు ఈ రెండో రకం వారే. ప్రాచీన వైద్యులకు ఈ తేడా కొంత తెలుసు. సుశ్రుత సంహిత ప్రమేహాలను రెండుగా విడదీసింది: పుట్టుకతో వచ్చేవి, తిండి తీరు వల్ల వచ్చేవి. మొదటి రకం రోగి బక్కచిక్కి ఉంటాడని, రెండో రకం రోగి స్థూలకాయుడని, తిండిపోతని వర్ణించింది. మొక్కల మందుల గురించి ఇకపై చెప్పేది దాదాపుగా టైప్ 2కే వర్తిస్తుంది. టైప్ 1లో ఇన్సులిన్‌కు బదులుగా నిలబడే ఆకు గాని, వేరు గాని, గింజ గాని ఇంతవరకు లేదు.

మొక్కల్లోంచి వచ్చిన బిళ్లలు

చెట్టు మందు ఒక పక్క, ఇంగ్లిషు మందు మరో పక్క అని గీత గీయడం అలవాటైపోయింది. ప్రపంచంలో అత్యధికంగా వాడే షుగర్ మందు చరిత్ర చూస్తే ఆ గీత నిలవదు.

ఐరోపాలో గలీగా అఫిసినాలిస్ అనే ఊదాపూల మొక్క ఉంది. చిక్కుడు కుటుంబానిది. మధ్యయుగాల్లో దాన్ని జ్వరాలకు, ప్లేగుకు ఇచ్చేవారు. పశువులు ఎక్కువగా మేస్తే చచ్చిపోతాయి కూడా. ఈ మొక్కలో గ్వానిడిన్ జాతి పదార్థాలు ఉన్నాయి. గ్వానిడిన్ జంతువుల రక్తంలో గ్లూకోజును తగ్గిస్తుందని 1918లో తేలింది. మొక్కలోని గలీగిన్ అనే పదార్థాన్ని 1920లలో రోగుల మీద పరీక్షించారు. షుగర్ తగ్గింది కాని ప్రభావం ఎక్కువసేపు నిలవలేదు, విషగుణమూ కనిపించింది. దాని వరసలోనే తయారైన సింథాలిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని తెలిసి మూలపడింది. డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1922లోనే మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు గాని అప్పుడే ఇన్సులిన్ వచ్చిన సంబరంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని షుగర్ రోగులకు వాడి ఫలితాలు ప్రకటించేదాకా అది మరుగునే ఉంది. అమెరికాలో అనుమతి రావడానికి 1994 దాకా పట్టింది. దీని తోబుట్టువు లాంటి ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని ప్రమాదకరంగా పెంచుతుందని తెలిసి 1970ల చివర మార్కెట్ల నుంచి తొలగించారు. ఆ మచ్చ మెట్‌ఫార్మిన్‌కు కూడా అంటుకుని ఆలస్యం చేసింది.

ఈ కథలో గమనించాల్సింది మొక్క గొప్పతనం ఒక్కటే కాదు. గలీగా ఆకు నుంచి మెట్‌ఫార్మిన్ బిళ్ల దాకా వచ్చేలోపు మొక్కలోని విషాన్ని వదిలించుకోవాల్సి వచ్చింది, అణువు రూపాన్నే మార్చాల్సి వచ్చింది, మధ్యలో రెండు మందులను పారేయాల్సి వచ్చింది. ఇవాళ గలీగా ఆకు కషాయం కాచుకు తాగితే షుగర్ తగ్గొచ్చు, ప్రాణమూ పోవచ్చు.

రెండో ఉదాహరణ ఆపిల్ చెట్టు వేరు బెరడు. 1835లో దాని నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. చేదుగా ఉంది కదా, క్వినైన్ లాగా జ్వరానికి పనికొస్తుందేమోనని ఆశపడ్డారు. 1886లో జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ దాన్ని కుక్కలకిస్తే మూత్రంలో చక్కెర పడింది. మూత్రపిండాలు గ్లూకోజును తిరిగి రక్తంలోకి పీల్చుకోకుండా అది అడ్డుపడుతోందన్నమాట. కాని నోటి ద్వారా ఇస్తే పేగుల్లోంచి సరిగ్గా ఒంటపట్టదు, విరేచనాలవుతాయి. ఆ లోపాలు సవరించి, మూత్రపిండాల మీదే పనిచేసేలా మలిచిన మందులే నేటి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. బెరడు నుంచి బిళ్ల దాకా దాదాపు 180 ఏళ్లు. మల్బరీ ఆకులోని ఒక పదార్థం ఆధారంగా మిగ్లిటాల్ వచ్చింది. ఇది పిండిపదార్థం గ్లూకోజుగా విడిపోయే వేగాన్ని తగ్గిస్తుంది.

మూడోది అన్నిటికన్నా వింతైనది. పెరట్లో పూసే బిళ్లగన్నేరు ఆకులు నమిలితే షుగర్ పోతుందని మన పల్లెల్లోనూ అంటారు, జమైకాలోనూ అనేవారు. 1952లో జమైకా నుంచి ఆ ఆకులు కొన్ని కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యుడి చేతికి వచ్చాయి. ఈయన ఎవరో కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్‌కు ఇన్సులిన్ పరిశోధనలో ఎవరు ముందు సాయపడాలని ఇద్దరు విద్యార్థులు బొమ్మాబొరుసు వేసుకుంటే ఓడిపోయినవాడు. గెలిచిన చార్లెస్ బెస్ట్ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నోబుల్ ఆ ఆకులను తన సోదరుడు, పరిశోధకుడు అయిన రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ వాటి సారాన్ని జంతువులకిచ్చి చూశారు. షుగర్ మీద ఏ ప్రభావమూ లేదు. రక్తంలోకి ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి, ఎందుకంటే వాటి తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ ఆధారం పట్టుకుని వెళితే 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. షుగర్‌కని జనం నమిలే ఆకు క్యాన్సర్ కణాల విభజనను ఆపే విషపదార్థాల గని అని తేలింది. ఇప్పటికీ షుగర్‌కు బిళ్లగన్నేరు ఆకులు నమలమని చెప్పేవారికి ఈ సగం కథ చేరలేదు.

ఆధునిక ఔషధాల పని, వాటి రుజువు

మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం నుంచి గ్లూకోజు విడుదలను తగ్గిస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి సల్ఫోనిల్ యూరియాలు క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ చేయిస్తాయి. గ్లిప్టిన్లు, గ్లిఫ్లోజిన్లు, ఇంజెక్షన్లుగా వచ్చే జీఎల్‌పీ-1 మందులు, పయోగ్లిటాజోన్, ఇన్సులిన్ రకాలు మిగతావి. గత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మెట్‌ఫార్మిన్ మామూలుగా 1 నుంచి 1.5 శాతం పాయింట్ల దాకా తగ్గిస్తుంది.

అయితే షుగర్ అంకె తగ్గడం వేరు, షుగర్ వల్ల వచ్చే నష్టం తగ్గడం వేరు. జబ్బు మనిషిని తినేది కళ్లలో, మూత్రపిండాల్లో, నరాల్లో, గుండెలో. 1977లో బ్రిటన్‌లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం 5,102 మంది కొత్త టైప్ 2 రోగులను ఏళ్ల తరబడి వెంబడించింది. మందులతో షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారిలో సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయని 1998లో ప్రకటించింది. అధిక బరువున్న 342 మందికి మెట్‌ఫార్మిన్ ఇస్తే షుగర్ సంబంధిత మరణాలు 42 శాతం తగ్గాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ గుండెజబ్బు ఉన్న షుగర్ రోగుల్లో మరణాలను తగ్గిస్తుందని 2015లో మరో పెద్ద అధ్యయనం చూపింది. ఇలాంటి రుజువు, అంటే వేలమందిని ఏళ్లపాటు చూసి కన్ను పోకుండా, కిడ్నీ పోకుండా కాపాడిందని చూపిన రుజువు ఒక్క మొక్క మందుకు కూడా లేదు. ఈ వ్యాసంలో మిగతా పోలికలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఆధునిక ఔషధాలు మచ్చలేనివేమీ కావు. మెట్‌ఫార్మిన్ కడుపులో వికారం, విరేచనాలు తెస్తుంది. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు. సల్ఫోనిల్ యూరియాలు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. గ్లిఫ్లోజిన్లతో మూత్రమార్గం దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్లు మామూలు. రోసిగ్లిటాజోన్‌ను గుండె ముప్పు కారణంగా 2010లో భారత ప్రభుత్వం నిషేధించింది. పయోగ్లిటాజోన్‌ను 2013 జూన్‌లో నిషేధించి, నెలన్నరలోనే హెచ్చరికలతో తిరిగి అనుమతించింది. కాని ఈ దుష్ఫలితాలన్నీ మనకు తెలియడానికి కారణం వాటిని వెతికే ఏర్పాటు ఉండటమే. మొక్కల మందులకు దుష్ఫలితాలు లేవన్న మాటలో చాలాభాగం, ఎవరూ లెక్క రాసుకోలేదన్నదే.

మెంతులు, పొడపత్రి, కాకర

తెలుగువారి వంటింట్లోంచి పరిశోధనశాల దాకా వెళ్లిన మందుల్లో మెంతులది మొదటి స్థానం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు 1980ల నుంచి వీటి మీద పనిచేశారు. 1990లో ప్రచురించిన వారి అధ్యయనంలో టైప్ 1 రోగులకు రోజుకు 100 గ్రాముల నూనె తీసిన మెంతిపిండిని రెండు సగాలుగా చేసి మధ్యాహ్న, రాత్రి భోజనాల్లో కలిపి పెట్టారు. ఇన్సులిన్ ఆపలేదు. పది రోజుల్లో వారి మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ కూడా దిగాయి. మెంతుల్లో దాదాపు సగం పీచే. అందులో నీళ్లలో కరిగి జిగురుగా మారే భాగం తిండి జీర్ణమయ్యే వేగాన్ని నెమ్మదింపజేస్తుంది. నానబెట్టిన మెంతులను వేళ్ల మధ్య నలిపితే జారుడుగా తగిలేది అదే. దానికి తోడు 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలకు సాయపడుతుందని ప్రయోగశాలల్లో కనిపించింది.

ఇక్కడ మోతాదు దగ్గర ఆగి చూడాలి. ప్రయోగంలో వాడింది 100 గ్రాములు. ఇంట్లో రాత్రి నానబెట్టేది ఒక చెంచా, అంటే నాలుగైదు గ్రాములు. ఇరవై రెట్ల తేడా. ఆ తర్వాత వచ్చిన చిన్న అధ్యయనాల్లో తక్కువ మోతాదుకూ కొంత ఫలితం కనబడింది గాని, చెంచాడు మెంతులు బిళ్లకు సమానమనే మాటకు ఆధారం లేదు. 100 గ్రాముల మెంతులు రోజూ తినడం ఎవరి తరమూ కాదు. చేదు సంగతి పక్కన పెట్టినా కడుపు ఉబ్బరం నిలవనివ్వదు. మెంతిపిండి కలిపిన రొట్టె, మెంతికూర పప్పు, మెంతి మజ్జిగ ఆహారంగా మంచివి. వాటిని మందు అనడం కంటే, షుగర్ మనిషికి ఉండాల్సిన తిండి అనడమే సరైన మాట.

పొడపత్రి అడవి అంచుల్లో, కంచెల మీద పాకే తీగ. ఆకు నమిలి, ఆ తర్వాత చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. తీపి అరగంట దాకా, ఒక్కోసారి గంట దాకా తెలియదు. చేదు, పులుపు మాత్రం మామూలుగానే తెలుస్తాయి. 1887లో ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ అనే రసాయనవేత్త ఈ గుణానికి కారణమైన జిమ్నెమిక్ ఆమ్లాన్ని ఆకుల నుంచి వేరుచేశాడు. ఆ అణువులు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అతుక్కుని తీపి అందకుండా చేస్తాయని తర్వాత తేలింది. సంస్కృతంలో మధునాశిని అన్నారు కాబట్టి షుగర్‌ను నాశనం చేస్తుందని ప్రచారం చేసుకోవడం తేలికైంది. నాలుక మీద తీపి తెలియకపోవడానికీ, రక్తంలో చక్కెర తగ్గడానికీ ముడి పెట్టనవసరం లేదు. అయినా పొడపత్రి మీద మద్రాసు విశ్వవిద్యాలయంలో జరిగిన పని గమనించదగ్గది. 1990లో ప్రచురించిన అధ్యయనంలో 22 మంది టైప్ 2 రోగులకు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారాన్ని మామూలు బిళ్లలతోపాటు 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. బిళ్లల మోతాదు తగ్గించగలిగారు, ఐదుగురు బిళ్లలు మానేసి సారం మీదే ఉండగలిగారు. ఫలితం ఆశ గొలిపేదే. కాని ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించలేదు, మందులేని ఉత్తుత్తి బిళ్లతో పోల్చలేదు. ముప్పై అయిదేళ్లు దాటినా ఆ లోపాన్ని సరిచేసే పెద్ద అధ్యయనం రాలేదు. పొడపత్రి పేరు మీద బోలెడు పొడులు మాత్రం వచ్చాయి.

కాకరకాయ విషయంలో మెట్‌ఫార్మిన్‌తో నేరుగా పోల్చిన ప్రయోగం ఉంది. థాయ్‌లాండ్‌లో కొత్తగా షుగర్ తేలినవారిని నాలుగు జట్లుగా, ఒక్కో జట్టులో ముప్పై మందికి కాస్త పైచిలుకు, విడదీశారు. మూడు జట్లకు రోజుకు 500, 1,000, 2,000 మిల్లీగ్రాముల కాకర పొడి, నాలుగో జట్టుకు 1,000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ నాలుగు వారాలు ఇచ్చారు. 2011లో వచ్చిన ఫలితాల్లో, గత కొద్దివారాల షుగర్‌ను చూపే ఫ్రక్టోసమీన్ మెట్‌ఫార్మిన్‌తో 16.8 మైక్రోమోల్స్ తగ్గితే, కాకర పెద్ద మోతాదుతో 10.2 తగ్గింది. తక్కువ మోతాదులు పనిచేయలేదు. అంటే కాకరకు గుణం ఉంది, బిళ్లకన్నా తక్కువ. అక్కడ ఇచ్చిన మెట్‌ఫార్మిన్ కూడా సగం మోతాదే, దాన్ని 2,000 దాకా పెంచుకోవచ్చు. కాకర అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సంస్థ సమీక్ష నమ్మదగిన ఆధారం చాలదని తేల్చింది. కాకర గింజల్లో వైసిన్ అనే పదార్థం ఉంది; జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో అది ఎర్రరక్తకణాలను పగలగొట్టగలదు. గర్భిణులు కాకర సారాలు తీసుకోకూడదు. కూరగా వండుకునే కాకరకు, సీసాలో పట్టిన కాకర రసానికి ఈ విషయంలో చాలా తేడా ఉంది.

వేగిస గ్లాసు, నేరేడు గింజ, మిగతావి

సంతల్లో, తిరునాళ్లలో ఎర్రటి చెక్కతో తొలిచిన గ్లాసులు అమ్ముతుంటారు. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి నీళ్లు రంగు మారతాయి. ఆ చెక్క వేగిస చెట్టుది. ఆయుర్వేదంలో బీజక, విజయసార. ఐసీఎంఆర్ ఈ చెక్క సారాన్ని నాలుగు కేంద్రాల్లో 97 మంది కొత్త టైప్ 2 రోగులకు పన్నెండు వారాలు ఇచ్చి, 1998లో ఫలితాలు ప్రచురించింది. 67 మందికి పరగడుపు, తిన్న తర్వాతి షుగర్ అదుపులోకి వచ్చాయి. పత్రికల్లో ఈ సంఖ్యే ప్రచారమైంది. అదే పత్రంలో హెచ్‌బీఏ1సీ సగటు 9.8 నుంచి 9.4కు మాత్రమే తగ్గిందన్నది ఎవరూ చెప్పరు. పైగా పోల్చడానికి మరో జట్టు లేదు. జబ్బు కొత్తగా తేలిన మనిషి ఎలాగూ భయపడి తిండి తగ్గిస్తాడు, నడక మొదలుపెడతాడు. ఆ తగ్గుదలలో చెక్క వాటా ఎంతో, నడక వాటా ఎంతో తెలియదు. గ్లాసులో నానిన నీళ్లలోకి దిగే సారం ప్రయోగంలో ఇచ్చిన గ్రాముల లెక్కకు చేరుతుందన్న హామీ అసలే లేదు. కొన్నాళ్లకు గ్లాసు రంగు వదలడం మానేస్తుంది. అమ్మినవాడు చెప్పేదీ అదే, కొత్తది కొనమని.

నేరేడు గింజల పొడి ఆయుర్వేదంలోనూ, నాటువైద్యంలోనూ ప్రసిద్ధం. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీని గ్లిబెన్‌క్లమైడ్‌తో పోల్చి చూస్తే బిళ్లతో షుగర్ తగ్గింది, టీతో తగ్గలేదు. గింజలు వేరు, ఆకులు వేరు కాబట్టి ఇది చివరి మాట కాదు. బెంగళూరులో దొండ సారాన్ని కొత్త రోగులు 60 మంది మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. 90 రోజుల్లో పరగడుపు షుగర్ 16 శాతం తగ్గింది. దాల్చినచెక్క మీద 2003లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం ప్రపంచమంతా మారుమోగింది. 2012 నాటికి పది అధ్యయనాలు, 577 మంది వివరాలు కలిపి చూస్తే నిలబడలేదు. మన అంగళ్లలో దాల్చినచెక్క పేరుతో దొరికే మందపాటి పట్ట చాలాసార్లు కాసియా రకం. దానిలోని కూమరిన్ ఎక్కువైతే కాలేయానికి చేటు.

మానుపసుపులోని బెర్బెరిన్ సంగతి కాస్త భిన్నం. చైనాలో 36 మంది కొత్త రోగులకు మెట్‌ఫార్మిన్ లేదా బెర్బెరిన్ మూడేసి పూటలు అర గ్రాము చొప్పున మూడు నెలలు ఇస్తే, బెర్బెరిన్ జట్టులో హెచ్‌బీఏ1సీ 9.5 నుంచి 7.5కు దిగింది, మెట్‌ఫార్మిన్‌కు దీటుగా. మొక్కల పదార్థాల్లో ఇంత బలమైన అంకె అరుదు. అయితే ఇది చెక్క పొడి కాదు, శుద్ధి చేసిన ఒకే రసాయనం. ఆ మాటకొస్తే మందుబిళ్లే. దీనికీ విరేచనాలు ఉన్నాయి, ఇతర మందులతో గొడవ ఉంది, గర్భిణులకు పనికిరాదు.

ఈ మధ్య కుండీల్లో విరివిగా పెంచుతున్న ఇన్సులిన్ మొక్కలో ఇన్సులిన్ ఉండదు. ఉన్నా లాభం లేదు. ఇన్సులిన్ ఒక ప్రొటీను, నమిలి మింగితే కడుపులో పప్పులోని ప్రొటీనులాగే జీర్ణమైపోతుంది. ఇంజెక్షనుగా ఇచ్చేది అందుకే. ఎలుకల మీద కొన్ని ఫలితాలున్నా మనుషుల మీద చెప్పుకోదగ్గ పరీక్ష లేదు. తిప్పతీగ కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరింది. 2021లో ముంబయి వైద్యులు దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, పోలికగల వేరే తీగ వాడి ఉంటారంది. ఆ సమాధానం నిజమైతే మరో ప్రశ్న పుడుతుంది: కొన్న పొడి ఏ తీగదో కొనేవాడికెలా తెలుస్తుంది?

పోల్చడం ఎందుకు కష్టం

మెట్‌ఫార్మిన్ 500 అంటే వరంగల్లులో కొన్నా, విజయవాడలో కొన్నా ఒకే పదార్థం, ఒకే బరువు. పొడపత్రి పొడి అలా కాదు. ఆకు లేతదా ముదరదా, ఏ నేలలో పెరిగింది, నీడన ఆరబెట్టారా ఎండలోనా, ఎన్నాళ్లు నిల్వ ఉంది అన్నదాన్ని బట్టి లోపలి పదార్థాలు మారిపోతాయి. ఆయుర్వేద వైద్యులు దీనికి చెప్పే సమాధానం తోసేయదగ్గది కాదు: మేము రోగానికి కాదు, రోగికి మందిస్తాం, ఒకే మూలికను విడదీసి పరీక్షిస్తే మా పద్ధతి పరీక్షించినట్టు కాదు అంటారు. అలాగైతే ఆ పద్ధతినంతటినీ, పథ్యంతో సహా, ఒక జట్టుకు ఇచ్చి మరో జట్టుతో పోల్చవచ్చు. అలాంటి పరీక్ష ఖర్చుతో కూడినది. పేటెంటు రాని ఆకు మీద ఆ ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది? ప్రభుత్వ సంస్థలే పెట్టాలి. కేంద్రీయ ఆయుర్వేద పరిశోధన మండలి కాకర, నేరేడు, పొడపత్రి, మామిడి జీడి, శిలాజిత్తు కలిపి ఆయుష్-82 అనే యోగాన్ని రూపొందించింది. లక్నోలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు ఆరు మూలికలతో బీజీఆర్-34 తయారుచేసి 2015 నుంచి మార్కెట్లోకి పంపాయి. రెండింటి వెనకా ఉన్న రోగుల పరీక్షలు, వాటికి జరిగిన ప్రచారంతో పోలిస్తే చాలా చిన్నవి.

చైనాలో షియావోకే అనే గోళీలున్నాయి. సంప్రదాయ మూలికలతోపాటు వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ కలిపి ఉంటుంది, దాచిపెట్టి కాదు, పెట్టె మీద రాసి. 800 మంది రోగులతో 48 వారాలు జరిపిన పరీక్షలో వీటిని వట్టి గ్లిబెన్‌క్లమైడ్‌తో పోల్చారు. షుగర్ అదుపులో పెద్ద తేడా లేదు, షుగర్ పడిపోయే ఘటనలు మాత్రం తగ్గాయి.

కల్తీ, లోహాలు, కలిసి వికటించేవి

దాచిపెట్టి కలిపే రకమే ప్రమాదం. 2008లో సింగపూర్‌లో షుగర్ లేని 150 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆస్పత్రులకు చేరారు. నలుగురు చనిపోయారు. వారిలో కొందరు వాడినవి లైంగిక పటుత్వం కోసమంటూ అక్రమంగా అమ్మిన మందులు. కొన్ని మూలికలన్న పేరుతో వచ్చినవి. వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ బయటపడింది. మూడు రోజుల్లో షుగర్ దిగిపోయిందని ఎవరైనా పేరూ ఊరూ లేని పొడిని మెచ్చుకుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఆకుపొడులు అంత తొందరగా పనిచేయవు. సల్ఫోనిల్ యూరియాలు చేస్తాయి.

లోహాల సంగతి వేరు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో ఐదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2004లో ఒక అధ్యయనం చెప్పింది. ఇందులో కొంత కల్తీ, కొంత కావాలని వేసేదే. షుగర్‌కు పేరుపడ్డ వసంతకుసుమాకర రసంలో బంగారు, వెండి భస్మాలతోపాటు నాగభస్మం ఉంటుంది. నాగమంటే సీసం. శోధన, మారణ ప్రక్రియలతో అది నిరపాయమవుతుందని శాస్త్రకారులు అంటారు. ఇప్పటికే మూత్రపిండాలు అలసిపోయిన షుగర్ రోగి ఈ వాదన మీద పందెం కాయడం తెలివైన పని కాదు.

మంచి మూలిక, మంచి బిళ్ల కలిసినా ఒక్కోసారి వికటిస్తాయి. 1979లో లాన్సెట్ పత్రికలో వచ్చిన కేసు ఇప్పటికీ వైద్య విద్యార్థులకు చెబుతారు. క్లోర్‌ప్రొపమైడ్ అనే షుగర్ బిళ్ల వాడుతున్న ఒక మహిళ కాకరకాయ కూర తినడం మొదలుపెట్టాక షుగర్ మామూలు కన్నా ఎక్కువగా దిగిపోయింది. మెంతుల జిగురు పీచు పక్కనే వేసుకున్న మాత్రను ఒంటపట్టనీయకుండా ఆలస్యం చేయొచ్చు, అందుకే బిళ్లకు, మెంతులకు గంటో రెండు గంటలో ఎడం ఉంచమంటారు. శస్త్రచికిత్స ఉంటే ముందుగానే ఆకుమందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మూలిక కాదు, మూలిక కోసం మందు ఆపేయడం. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపి పసరు పోస్తే కొద్దిరోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి స్పృహ పోతుంది. టైప్ 2లో ఆ వేగం ఉండదు. షుగర్ 250లో ఉన్నా మనిషి హాయిగానే తిరుగుతాడు, ఆకుపొడి పనిచేస్తోందనుకుంటాడు, రెండేళ్ల తర్వాత కంటిచూపు మసకబారాక పరీక్ష చేయించుకుంటాడు.

ధర, చట్టం, ప్రకటనలు

ఇంగ్లిషు మందులు ఖరీదు, ఆకుమందు చవక అన్న మాట షుగర్ విషయంలో తలకిందులైంది. మెట్‌ఫార్మిన్ బిళ్ల కొద్ది రూపాయల్లోనే దొరుకుతుంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో ముగిశాక పలు కంపెనీలు వాటిని తయారుచేస్తున్నాయి, ధరలు బాగా దిగాయి. డబ్బాల్లో వచ్చే మూలికల పొడులకు నెలకు వందల నుంచి వేల రూపాయలు పెట్టేవారు ఉన్నారు. పెరట్లో కాసే కాకరకు ఖర్చు లేదు నిజమే, కాని మార్కెట్ అమ్మేది కాకరను కాదు, కాకర మీది నమ్మకాన్ని.

ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం 1954 నుంచి ఉంది. అది ప్రకటనలు నిషేధించిన జబ్బుల జాబితాలో మధుమేహం కూడా ఉంది. ఫలానా మందుతో షుగర్ నయమవుతుందని ప్రకటన ఇవ్వడమే నేరం, అది ఏ వైద్య విధానానిదైనా. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద ఆయుర్వేద మందులకు తయారీ లైసెన్సు కావాలి, కాని గ్రంథాల్లో ఉన్న యోగాలకు రోగుల మీద పరీక్షల ఫలితాలు చూపాల్సిన పనిలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024లో కోర్టు, ప్రకటన ప్రసారానికి ముందే ప్రకటనదారు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశం ప్రధానంగా పత్రికలను, టీవీ చానళ్లను ఉద్దేశించింది. బస్టాండు గోడ మీద ఫోన్ నంబరుతో అతికించే కాగితానికీ, వాట్సాప్‌లో వచ్చే వీడియోకూ ధ్రువీకరణ అడిగేవారు లేరు. రాష్ట్రాల్లో ఔషధ నియంత్రణ అధికారులు 1954 నాటి ప్రకటనల చట్టం కింద కేసులు పెడుతూనే ఉన్నారు. మొదటిసారి దొరికినవారికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు.